రెండు గొంతుల హాజరు

చిన్నప్పుడు నాకు రెండు గొంతులుండేవి. ఒకటి నాది, ఇంకొకటి బానోతు చాందీది. నా గొంతు సన్నగా, కాస్త ముక్కుతో పలికేది. చాందీ గొంతు లావుగా, అడుగున కొంచెం గరగరలాడుతూ ఉండేది. ఐదో తరగతిలో నెలన్నర పాటు రోజూ పొద్దున ఆ రెండు గొంతులతోనూ నేనే హాజరు పలికాను. తర్వాత జనగామ బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెబుతూ పెన్షను దాకా నెట్టుకొచ్చాను గానీ, నా గొంతు నిజంగా కష్టపడింది ఆ నెలన్నరే. చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. ఈ మధ్య చాందీ ఫోను చేయకపోతే మాత్రం ఇదంతా ఇలా కూర్చుని రాసేదాన్ని కాదు.

"యశోదా, నా మనుమరాలిని ఫోను గుర్తుపడ్తలేదే" అంది, పలకరింపు కూడా లేకుండా. ఫోను గుర్తుపట్టడమేమిటో నాకు అర్థం కాలేదు. నిదానంగా చెప్పమన్నాను. చాందీ నిదానంగా చెప్పడం నేను ఎప్పుడూ వినలేదు, ఆ రోజూ వినలేదు. అయినా తేలిందేమిటంటే, మేము చదివిన ఊరి బడిలో ఇప్పుడు హాజరు ఫోనుతో తీసుకుంటున్నారు. మేడం ఒక్కొక్క పిల్ల మొహం ముందు ఫోను పడితే, అది చూసి ఈ పిల్ల ఫలానా అని ఆకుపచ్చ టిక్కు పెడుతుంది. శివరాత్రికి వీళ్లంతా కురవి వీరన్న జాతరకు వెళ్లి, మూడో తరగతి చదివే మనుమరాలు హర్షిణి తలనీలాలు ఇచ్చి వచ్చారు. పిల్ల గుండుతో బడికి వెళ్లింది. ఫోను ఆ గుండును పైకీ కిందికీ చూసి, ఈ పిల్లెవరో నాకు తెలియదంది. మూడు రోజులు అదే తంతు. నువ్వు బడిలో లేవు కదా అని పిల్లలు ఏడిపించడం మొదలుపెట్టారు. లేని పిల్లకు గుడ్డెందుకని మధ్యాహ్నం ఆమె కంచంలోని గుడ్డును ఒకడు తీసుకుని తినేశాడు. దాంతో హర్షిణి వెంట్రుకలు మొలిచేదాకా బడి ముఖం చూడనని తలుపు వెనక కూర్చుంది.

"ఎంటికలు ఎన్నడు మొలువాలె, గది ఎన్నడు బడికి పోవాలె? ఆడివిల్ల ఒక్కపారి బడి ఇడిసిందంటే మళ్ల పోదే యశోదా. నేను పోయిన్నా?" అంది చాందీ. ఆ మాట నాకు సూటిగా తగిలింది. చాందీ బడి మానడంలో నా గొంతుకు వాటా ఉంది. "జర నువ్వు రా. సదువుకున్నదానివి. ఆ ఫోనుతోని మాట్లాడు" అని పెట్టేసింది. ఫోనుతో మాట్లాడే చదువు నేను చదవలేదని చెప్పే అవకాశం కూడా ఇవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే జనగామలో రైలెక్కాను. మహబూబాబాదును మేమిప్పటికీ మానుకోట అనే అంటాం. అక్కడ దిగి కురవి వైపు ఆటో ఎక్కాలి. రైలులో కిటికీ పక్కన సీటు దొరికింది గానీ, నేను బయటికి చూడలేదు. దారి పొడవునా మా నర్సయ్య సారే కళ్లముందున్నాడు.

మా బడికి రెండు గదులు, ఒక రేకు బీరువా, ఒక నల్లబల్ల. ఆ బల్ల వారం తిరిగేసరికి తెల్లబడేది. శనివారం మధ్యాహ్నం బొగ్గు నూరి, చిక్కుడాకు దంచి రసం తీసి, రెండూ కలిపి బల్లకు పూయడం మా పని. చిక్కుడాకు కోసం మా అవ్వ పెరట్లోని పందిరి మీద పడేవాళ్లం. "సదువులు మీకు, బోడి తీగలు నాకా?" అని అవ్వ చీపురు పట్టుకుని వెంటబడేది. సోమవారం దాకా మా చేతులు పచ్చగా, వెగటు వాసన కొడుతూ ఉండేవి. ఆ చేతులతోనే అన్నం తినేవాళ్లం, ఆ చేతులతోనే ఎక్కాలు రాసేవాళ్లం.

నర్సయ్య సారుకు హాజరు పిలిచే పద్ధతి ఒకటుండేది. కుర్చీలో కూర్చుని, రిజిస్టరు ముందు పెట్టుకుని, సొరుగు జానెడు తెరిచి, అందులో ఎవరికీ కనబడకుండా పల్లికాయ ఒలుచుకుంటూ పేర్లు పిలిచేవాడు. పల్లికాయ చిట్లిన చప్పుడు, ఒక పేరు, మళ్లీ చప్పుడు, ఇంకో పేరు. తల మాత్రం ఎత్తేవాడు కాదు. "హాజర్ సార్" అని వినబడితే గీత పెట్టేవాడు, వినబడకపోతే సున్నా. ఎవరు నిలబడ్డారో, ఎవరు కూర్చున్నారో, అసలు బడిలో పైకప్పు ఉందో లేదో ఆయన చూసినట్టు మాకు అనిపించేది కాదు. ఆ సొరుగులోంచి పల్లీల వాసన, సారు ఉత్తరీయం నుంచి ముక్కుపొడి వాసన కలిసి వచ్చేవి. ఇప్పటికీ ఎవరైనా పల్లీలు వేయిస్తుంటే నాకు లేచి నిలబడాలనిపిస్తుంది.

చాందీ వాళ్లది మా ఊరికి ఆనుకునే ఉన్న తండా. చలికాలం సగం గడిచేసరికి తండాలో సగం ఇళ్లకు తాళాలు పడేవి. అందరూ చిట్యాల దిక్కు మిర్చి తోటలకు ఏరడానికి పోయేవాళ్లు. ఆ ఏడు చాందీని కూడా రమ్మన్నారు. వరుసగా పదిహేను రోజులు రాకపోతే పేరు కొట్టేయాలని అప్పట్లో నియమం. పేరు పోతే మానుకోట హాస్టల్లో ఆరో తరగతి సీటు రాదు. చాందీకి ఆ హాస్టలంటే పిచ్చి. చదువు కోసమని నేను అబద్ధం రాయను. అక్కడ ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క రేకు పెట్టె ఇస్తారని, దానికి తాళం ఉంటుందని, ఆ తాళంచెవి దారానికి కట్టి మెడలో వేసుకుంటారని ఎవరో చెప్పారు. తనకంటూ తాళం వేసుకునే వస్తువు ఒకటి ఉండాలని చాందీ కోరిక. ఏడుగురు పిల్లల ఇంట్లో పుట్టినవాళ్లకే ఆ కోరిక విలువ తెలుస్తుంది.

"మేం వచ్చేదాంక నా పేరుకు నువ్వు పలుకు. సారు తల ఎత్తడు గదా" అంది. నేను సరేనన్నాను. తను వెళ్లే ముందు రోజు మా పశువుల కొట్టంలో కూర్చోబెట్టి నాకు తన గొంతు నేర్పింది. గడ్డం మెడకు ఆనించి, కడుపులోంచి లాగాలంది. నేను లాగాను. కొట్టంలో ఉన్న మా లచ్చి బర్రె ఉలిక్కిపడి బదులు పలికింది. "గట్లనే. బర్రె నమ్మిందంటే సారు నమ్ముతడు" అంది చాందీ.

ఆ తర్వాత రోజూ తెల్లారగానే కొట్టంలోకి వెళ్లి సాధన చేసేదాన్ని. ముందు నా గొంతుతో ఒకసారి హాజరు, తర్వాత చాందీ గొంతుతో ఒకసారి. లచ్చి పాలు చేపడం మానేసి నా వైపే చూస్తుండేది. పాలు పిండడానికి వచ్చిన మా అవ్వ ఒక రోజు తలుపు దగ్గర నిలబడి ఇదంతా వింది. లోపల మనుమరాలు ఒక్కతే, గొంతులు రెండు. అవ్వ చెంబు అక్కడే వదిలేసి ఇంట్లోకి పరుగెత్తింది. "పోరికి గాలి సోకింది కొడుకా, మొగగొంతుతోని మాట్లాడుతున్నది" అని మా బాపును పట్టుకుని ఏడ్చింది. నేను నిజం చెప్పలేను. చెబితే చాందీ పేరు పోతుంది. నోరు మూసుకుని నిలబడ్డాను. అది చూసి, గాలి లోపలికి దాక్కుందని అవ్వ ఇంకా భయపడింది. శివరాత్రికి నన్ను కురవికి ఎత్తుకుపోయి, వీరన్నకు మొక్కి, నున్నగా గుండు కొట్టించింది. చల్లటి నీళ్లు నాలుగు బిందెలు కుమ్మరించింది. గాలి పోయిందో లేదో గానీ జలుబు పట్టింది.

గుండుతో బడికి వెళ్లిన రోజు నాకు ప్రాణం పోయినంత పనైంది. పిల్లలు నవ్వారు, తల మీద దరువు వేశారు. కానీ హాజరుకు ఏ అడ్డమూ రాలేదు. నర్సయ్య సారు తల ఎత్తితే కదా, నా తలమీద ఏముందో ఏం లేదో ఆయనకు తెలిసేది! నేను నాకూ పలికాను, చాందీకీ పలికాను, రెండు గీతలు పడ్డాయి. కానీ రెండు రోజుల తర్వాత జలుబు గొంతులోకి దిగింది. పొద్దున లేచి నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. సరిగ్గా ఆ రోజే తనిఖీ అధికారి వచ్చి సారు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

ఆ రోజు సొరుగు తెరుచుకోలేదు. సారు నా పేరు పిలిచాడు. నేను లేచి చేయి ఊపాను. సారు తల ఎత్తలేదు. ఎగిరాను, బెంచీ మీద కొట్టాను, నా గుండు మీద కూడా కొట్టుకున్నాను. పిల్లలందరూ నవ్వుతున్నారు. సారు తర్వాతి పేరు, "బానోతు చాందీ" అన్నాడు. నేను గడ్డం మెడకు ఆనించి కడుపులోంచి లాగాను. పిల్లికూన తుమ్మినంత చప్పుడు వచ్చింది. అప్పుడు మొదటిసారి నర్సయ్య సారు తల ఎత్తి నన్ను చూశాడు. తర్వాత అధికారి వైపు తిరిగి, చాలా మర్యాదగా, "ఈ ఇద్దరు పిల్లలకు ఒక్కటే గొంతు సార్. ఇయ్యాల గది పనిచేస్తలేదు" అన్నాడు.

అధికారి నవ్వలేదు. రెండో పిల్ల ఎక్కడని అడిగాడు. ఎర్ర సిరా పెన్ను తెరిచి సారు చేతికిచ్చాడు. సారు చాందీ పేరు మీద అడ్డంగా గీత గీశాడు. ఆ గీత గీయడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. సాయంత్రం నన్ను పిలిచి గుప్పెడు పల్లీలు చేతిలో పోశాడు. "నెలన్నర మంచిగనే పలికినవ్. గని చాందీ సార్ అనదు బిడ్డా, సారూ అని గుంజుతది. నువ్వెన్నడు గుంజలే" అన్నాడు. మొదటి రోజు నుంచీ ఆయనకు తెలుసు. తెలిసీ రోజూ గీత పెట్టాడు. ఆ పల్లీలు తినలేక ఏడ్చాను, ఏడవడానికీ గొంతు రాలేదు.

ఉగాదికి చాందీ వాళ్లు తిరిగొచ్చారు. మిర్చి ఏరిన చేతులు మంటలెత్తుతున్నాయని బకెట్టులో ముంచుకుని కూర్చుని ఉంది. నేను సంగతి చెప్పాను. నన్ను కొడుతుందనుకున్నాను. నా గుండు చూసి ముందు పడీపడీ నవ్వింది. తర్వాత ఏడ్చింది, చేతుల మంటకని చెప్పింది. మళ్లీ బడికి రాలేదు. నేనైతే ఆ సంగతి మర్చిపోలేదు. బస్టాండులో రోజుకు రెండు వందలసార్లు మైకులో మాట్లాడేటప్పుడు కూడా, ఆ ఒక్క రోజు ఈ గొంతు ఎక్కడికి పోయిందీ అని దాన్ని తిట్టుకునేదాన్ని.

ఆటో దిగేసరికి బడి గేటు దగ్గర చాందీ నిలబడి ఉంది. మెడలో దారానికి బీరువా తాళంచెవి. పక్కన, తలమీద రుమాలు కట్టుకుని, ప్రపంచం మీద కోపంగా హర్షిణి. బుగ్గ మీద చెయ్యేస్తే తోసేసింది. ఈ రోజు ఒక్కరోజే, అదీ జనగామ నుంచి వచ్చిన యశోద నానీ ఫోనుకు గడ్డి పెడుతుందని చెబితే వచ్చిందట.

లోపలికి వెళ్లి చూస్తే, అసూయ పడ్డానని ఒప్పుకోవాలి. నల్లబల్ల ఉన్న చోట గోడంత తెర. మేడం వేలితో తాకితే మనిషి గుండె కనబడింది, డబడబ కొట్టుకుంటోంది. రక్తం ఎర్రగా వెళ్లి నీలంగా తిరిగొస్తోంది. మేము గుండె బొమ్మను ముంతలాగా గీసి, మార్కుల కోసం దానికి రెండు గొట్టాలు తగిలించేవాళ్లం. నేనూ వేలు పెట్టి తెరమీద నా పేరు రాశాను, మొదటి అక్షరం దగ్గరే వంకర పోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఒక్క చిక్కుడాకు కూడా తెంపకుండా ఇదంతా జరుగుతోంది. మా అవ్వ ఉంటే ఈ తెరకు కొబ్బరికాయ కొట్టేది.

మేడం పేరు సుజాత. రేగొండ వైపు పిల్ల, ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. మంచిదే పాపం. "కొత్త ఫోటో ఎక్కియ్యాలంటే పైనుంచి ఓకే రావాలమ్మా. అడిగిన. రేపో ఎల్లుండో అయితది" అంది. ఇప్పుడొకసారి ప్రయత్నించమని నేను పట్టుబట్టాను. రుమాలు విప్పి హర్షిణిని నిలబెట్టారు. మేడం ఫోను పట్టింది. ఫోను కాసేపు గుడ్లు తిప్పి, ఎర్ర అడ్డగీత వేసింది. హర్షిణి రుమాలు కోసం చేయి చాపింది. చాందీ నా వైపు చూసింది. ఇంత దూరం నుంచి వచ్చినందుకు నేనేదో ఒకటి చేసి తీరాలి.

ఇక్కడ నా పరువుకు సంబంధించిన విషయం ఒకటి చెప్పాలి. నా జడలో సగం నాది కాదు, సవరం. పాతికేళ్లుగా పెట్టుకుంటున్నాను, ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు, చాందీకి కూడా. ముప్పై మంది పిల్లల ముందు జడ విప్పి, పిన్నులు తీసి, ఆ సవరాన్ని హర్షిణి తలమీద చుట్టబెట్టాను. నా వెనక మిగిలింది ఎలుకతోకంత. చాందీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఇన్నేండ్లు నన్ను గూడ మోసం జేసినవా?" అంది లోపలినుంచి. నేను పట్టించుకోలేదు. "ఇప్పుడు సూపియ్యి మేడం" అన్నాను.

ఫోను చూసింది. టింగుమంది. ఆకుపచ్చ టిక్కు పడింది. తరగతంతా కేక పెట్టింది. మేడం మొహం మాత్రం మాడిపోయింది. "అయ్యో, మాలోతు నవ్య అని పడ్డది" అంది. నవ్య అంటే మొన్నటి నుంచి మేనమామ పెళ్లికని మానుకోట వెళ్లిన పిల్ల. అక్కడ పెళ్లిలో బిర్యానీ తింటున్న పిల్ల ఇక్కడ హాజరైంది, ఇక్కడ సవరంతో నిలబడ్డ పిల్ల లేకుండా పోయింది. మేడం అది చెరిపేయడానికి ఫోనును ఎన్ని చోట్ల నొక్కినా చెరగలేదు. నాకు నవ్వాగలేదు. లేని పిల్లకు హాజరు వేయడం నేను ఒక్కదాన్నే చేశాననుకున్నాను ఇన్నాళ్లూ. కానీ హర్షిణి నవ్వలేదు. "సూసినవా నానీ, దాన్ని పిలిచింది, నన్ను పిలువలే" అని గుమ్మం వైపు నడిచింది.

"బిడ్డా, కాగితం రిజిస్టర్ల నువ్వొచ్చిన రోజులన్ని నీకు హాజరు పెట్టిన" అని మేడం కంగారుగా ఎర్ర అట్ట పుస్తకం తెరిచి చూపించింది. నిజమే, గుడ్డు పోయిన రోజున కూడా గీత ఉంది. "మరి ఆ సంగతి పిల్లకు ఎరుకనా?" అన్నాను. ఫోను వచ్చాక పేర్లు పైకి పిలవడం మానేశారట. సాయంత్రం తీరికగా చూసి కాగితం మీద పెట్టుకుంటుందట. ఎంత బాగా పెట్టినా, చప్పుడు చేయకుండా పెడితే పిల్లకు ఎలా తెలుస్తుంది?

పాత రిజిస్టర్లు ఇంకా ఉన్నాయా అని ఊరికే అడిగాను. ఆ తెర బిగించడానికి రేకు బీరువాను వరండాలోకి జరిపారట, పారేయడానికి ఎవరికీ ధైర్యం చాలలేదట. చాందీ, నేను, మేడం కలిసి దుమ్ము దులిపాం. అంచులు చెదలు తిన్నా, మా ఐదో తరగతి పుస్తకం దొరికింది. నర్సయ్య సారు గుండ్రటి రాత. నా పేరు, దాని కింద చాందీ పేరు, దాని మీద ఎర్ర గీత. ఎరుపు పోయి గోధుమ రంగులోకి మారింది. పేజీల మధ్య ఒక పల్లికాయ పొట్టు కూడా ఉంది. నేను చాందీ మొహం చూడలేకపోయాను.

సుజాత మేడం ఆ పుస్తకాన్ని తరగతిలోకి తీసుకెళ్లి బల్లమీద పెట్టింది. నేను జరిగినదంతా చెప్పాను, గుండుతో సహా. పిల్లలు హర్షిణి తలనూ నా ఎలుకతోకనూ మార్చి మార్చి చూశారు. మేడం కుర్చీలో కూర్చుంది. ఎందుకో తనూ తల ఎత్తలేదు. "బానోతు చాందీ" అని పిలిచింది.

నా గడ్డం దానంతటదే మెడకు ఆనింది. కడుపులోంచి లాగబోయాను. పక్కనుంచి ఒక చేయి వచ్చి నా నోరు గట్టిగా మూసేసింది.

"హాజర్ సారూ" అంది చాందీ.

లావుగా, గరగరగా, చివర గుంజి అంది. నర్సయ్య సారు చెప్పింది నిజం, నేను ఎప్పుడూ అలా గుంజలేదు. పిల్లలు "సారు గాదు నానీ, మేడం" అని అరిచారు. చాందీ వినిపించుకోలేదు, చేతులు కట్టుకుని నిలబడే ఉంది. మేడం పెన్ను తీసి, పాత ఎర్ర గీత పక్కన చిన్నగా ఒక హాజరు గీత పెట్టింది. అలా పెట్టొచ్చో లేదో నాకు తెలియదు. నేనైతే ఎవరికీ చెప్పలేదు, ఇదిగో ఇప్పుడు రాస్తున్నాను.

గుమ్మంలో ఉన్న హర్షిణి నెమ్మదిగా వెనక్కి వచ్చి, నవ్య చోటులో కాదు, తన చోటులో నిలబడింది. నా సవరం ఒక చెవి మీదికి జారిపోయి ఉంది. "మేడం, గిప్పుడు నన్ను పిలువుండ్రి" అంది.

మేడం పిలిచింది. హర్షిణి పలికిన తీరుకు పక్క గదిలోంచి పెద్దసారు పరుగెత్తుకొచ్చి, ఎవరు పడ్డారని అడిగాడు.

"ఎవరు పడలే సార్" అంది మేడం. "హాజరు తీసుకుంటున్న."